పాత క్వార్టర్‌బ్యాక్‌ని కొనేటప్పుడు చెయ్యి చూడాలా, కాళ్లు చూడాలా?

మా అక్క మొగుడు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాడు. న్యూయార్క్ జెట్స్ అభిమాని. ఇది చదవగానే "అయ్యో పాపం" అనిపించిందంటే మీకు అమెరికన్ ఫుట్‌బాల్ తెలుసన్నమాట. ఆయన బీరువాలో రెండు జెట్స్ జెర్సీలున్నాయి. 4వ నంబర్‌ది బ్రెట్ ఫార్వ్‌ది, 8వ నంబర్‌ది ఆరన్ రాడ్జర్స్‌ది. ఇద్దరినీ గ్రీన్ బే ప్యాకర్స్ ఏళ్ల తరబడి ఆడించుకుని, వయసు మీదపడ్డాక జెట్స్‌కి ట్రేడ్ చేసింది, ఒకరిని 2008లో, ఇంకొకరిని 2023లో. రెండుసార్లూ మా బావ అడిగింది ఒకటే: "ఏరా, చేతిలో ఇంకా పస ఉందంటావా?"

అసలు అడగాల్సింది అది కాదని నా గొడవ. మా తాత సంతలో ఎద్దుని కొనేటప్పుడు నోరు తెరిపించి పళ్లు చూసేవాడు, వయసు లెక్కగట్టేవాడు, అంతటితో ఊరుకునేవాడు కాదు, పగ్గం చేతిలోకి తీసుకుని నాలుగడుగులు నడిపించేవాడు, నడకలో తేడా కనిపిస్తే ఎంత అందమైన కొమ్ములున్నా వెనక్కి తిరిగొచ్చేసేవాడు. ఫుట్‌బాల్ అభిమానులు మాత్రం కొమ్ములు చూసే బేరం ఆడేస్తారు.

క్వార్టర్‌బ్యాక్ ఎవరో తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. బంతి చేతికొచ్చాక విసరడానికి అతనికి దొరికేది మహా అయితే రెండున్నర, మూడు సెకన్లు. ముందు ఐదుగురు భారీ మనుషులు గోడలా నిలబడి అవతలివాళ్లని ఆపుతారు. ఆ గోడ కూలేలోపు విసరాలి, కూలితే తప్పించుకుని విసరాలి, రెండూ కుదరకపోతే బంతితో సహా కింద పడతాడు, దాన్నే శాక్ అంటారు. వయసుతో మొదట పోయేది ఆ తప్పించుకోవడం. చెయ్యి చాలామందికి ఆఖర్న పోతుంది. ధోనీ గురించి ఐపీఎల్ ముందు ఏటా మనం కొట్టుకునేది గుర్తు తెచ్చుకోండి, సిక్స్ కొట్టగలడా అని ఎవరికీ అనుమానం లేదు, మోకాలి గురించే టెన్షన్.

సరే, ఇక పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటి జత మాథ్యూ స్టాఫర్డ్, రస్సెల్ విల్సన్. ఇంతకంటే మంచి పోలిక దొరకదు, ఎందుకంటే ఇద్దరూ 1988లోనే పుట్టారు, ఏడాది తేడాతో ట్రేడ్ అయ్యారు, ఇద్దరి కోసం రెండేసి ఫస్ట్ రౌండ్ పిక్‌లు చెల్లించారు (ఏటా డ్రాఫ్ట్‌లో జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకుంటాయి, ఆ వంతే పిక్, ఎంత ముందు రౌండ్‌ది అయితే అంత విలువ).

2021 మొదట్లో లాస్ ఏంజెలెస్ రామ్స్ స్టాఫర్డ్ కోసం డెట్రాయిట్ లయన్స్‌కి ఆ రెండు పిక్‌లూ, ఒక థర్డ్ రౌండ్ పిక్కూ, తమ సొంత క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌నీ ఇచ్చేసింది. అప్పట్లో చాలామంది నవ్వారు. 12 సీజన్లు ఆడి ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా గెలవని మనిషి, 2019లో వెన్ను దెబ్బతో సగం సీజన్ బయట కూర్చున్న మనిషి. మరుసటి ఏడాది, 2022 మార్చిలో, డెన్వర్ బ్రాంకోస్ సియాటిల్ నుంచి విల్సన్‌ని తెచ్చుకుంది. రెండు ఫస్ట్ రౌండ్లు, రెండు సెకండ్ రౌండ్లు, ఒక ఫిఫ్త్ రౌండ్, పైగా ముగ్గురు ఆటగాళ్లు. విల్సన్‌కి సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచినవాళ్లకిచ్చే ఉంగరం ఉంది, అదీ డెన్వర్‌నే 43-8తో చితక్కొట్టి గెలిచిన ఉంగరం. కాగితం మీద చూస్తే పోటీయే లేదు, విల్సనే. నేనూ అలాగే అనుకున్నాను, ఒప్పుకుంటున్నాను.

కానీ ఆట తీరు చూడండి. స్టాఫర్డ్ ఎప్పుడూ పరుగు మీద బతకలేదు. నిలబడతాడు, చూస్తాడు, ఇంకా ఖాళీ కాని చోటికి ముందే విసిరేస్తాడు. ఆ ధైర్యానికి ఖరీదు ఉంటుంది, 2021 సీజన్‌లో 41 టచ్‌డౌన్లతో (స్కోరు తెచ్చిన పాస్‌లు) పాటు 17 ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్లు పట్టేసిన పాస్‌లు) కూడా ఉన్నాయి. అయినా ఆ సీజన్ సూపర్ బౌల్‌లో రామ్స్ ఆఖరి దాడి నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. సిన్సినాటి 20-16తో ముందుంది, టైం దగ్గరపడింది, రామ్స్ రెండో పెద్ద రిసీవర్ (పాస్‌లు పట్టేవాడు) ఒడెల్ బెకమ్ అప్పటికే మోకాలు పట్టుకుని వెళ్లిపోయాడు, అందరికీ తెలుసు బంతి మొదటి రిసీవర్ కూపర్ కప్‌కే వెళ్తుందని. ఆ దాడిలో ఒకసారి స్టాఫర్డ్ తల ఒక పక్కకి తిప్పి డిఫెండర్‌ని అటు లాగి, చూడని వైపుకి బంతి పంపాడు, కప్ చేతిలో పడింది, 22 గజాలు. మా బావ సోఫా మీంచి లేచి "అటు చూసి ఇటు వేశాడేంట్రా వీడు" అన్నాడు. 34 ఏళ్లకీ పాతికేళ్లకీ తేడా అందులో ఏమీ లేదు, కళ్లకి వయసు రాదు. 23-20, ఉంగరం.

విల్సన్ తీరు వేరు. సియాటిల్‌లో పదేళ్లు అతని ఆటలో సగం అందం గోడ కూలాకే మొదలయ్యేది. గిరగిరా తిరిగి, ఇద్దరిని తప్పించుకుని, ఆకాశానికి ఎత్తి విసిరేవాడు. ఆ తిరగడంలో ఒక్క అర సెకను నెమ్మదిస్తే ఏమవుతుందో 2022 చూపించింది. డెన్వర్‌లో మొదటి ఏడాదే 55 శాక్‌లు, 16 టచ్‌డౌన్లు, జట్టు 5-12, అంటే ఐదు గెలుపులు, పన్నెండు ఓటములు. సియాటిల్‌లోనే జరిగిన మొదటి మ్యాచ్‌లో, ఫోర్త్ డౌన్‌కి, అంటే ఆఖరి అవకాశానికి, ఐదు గజాలు కావాల్సిన చోట, అంత ఖర్చుపెట్టి కొన్న మనిషి చేతికి బంతి ఇవ్వకుండా కోచ్ 64 గజాల ఫీల్డ్ గోల్‌కి (బంతిని గోల్ కర్రల మధ్యకి తన్నడం) కిక్కర్‌ని పంపాడు. తప్పిపోయింది, 17-16తో ఓడిపోయారు. బంగారు పళ్లెం కొని దాన్ని అటక మీద పెట్టినట్టు.

ఇందులో తప్పంతా విల్సన్‌దే అనను, గోడలో ఎడమ చివర నిలబడే లెఫ్ట్ టాకిల్ కాలు విరిగింది, కోచ్‌ని సీజన్ పూర్తికాకుండానే పంపేశారు. మరుసటి ఏడాది కొత్త కోచ్ కింద 26 టచ్‌డౌన్లు, 8 ఇంటర్‌సెప్షన్లతో అంకెలు బాగానే ఉన్నాయి, అయినా చివరి రెండు మ్యాచ్‌లకి బెంచీ మీద కూర్చోబెట్టారు. డెన్వర్ చేసిన అసలు తెలివితక్కువ పని ఇంకోటుంది. ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే సుమారు 245 మిలియన్ డాలర్లకి ఐదేళ్ల కొత్త కాంట్రాక్ట్ రాసేశారు. ఎద్దుని ఇంకా కాడికి కట్టలేదు, అప్పుడే దానికి పాలరాతి కొట్టం కట్టించారు. 2024లో అతన్ని వదిలేసుకున్నప్పుడు శాలరీ క్యాప్ (జట్టు జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి) మీద పడిన డెడ్ మనీ, అంటే జట్టులో లేని మనిషి ఖాతాలో పోయే లెక్క, 85 మిలియన్ డాలర్లు. ఏనుగు బతికున్నా వెయ్యే, చచ్చినా వెయ్యే అని మనవాళ్లు ఊరికే అనలేదు.

(అమ్మినవాళ్ల సంగతి కూడా చెప్పాలి. సియాటిల్ ఆ పిక్‌లతో చార్లెస్ క్రాస్, డెవన్ విదర్‌స్పూన్ లాంటివాళ్లని తెచ్చుకుంది. పనికిరాడని రామ్స్ డెట్రాయిట్‌కి ఇచ్చేసిన గాఫ్ 2024 జనవరిలో ప్లేఆఫ్స్‌లో ఆ స్టాఫర్డ్ జట్టునే 24-23తో ఓడించాడు. రామ్స్ ట్రేడ్‌లో ఓడినవాళ్లు ఎవరూ లేరు, అలాంటి బేరాలు అరుదు.)

ఇప్పుడు మా బావ బీరువా దగ్గరికి వద్దాం. ఫార్వ్‌కి రాడ్జర్స్‌కి మధ్య ఏది మంచి బేరం? ఆయన్ని అడిగితే రాడ్జర్స్ అంటాడు, కొత్త జెర్సీ కాబట్టి. నేను ఫార్వ్ అంటాను.

2008 ఆగస్టులో ఫార్వ్ వచ్చేసరికి 38 ఏళ్లు, మార్చిలోనే రిటైర్ అయ్యానని కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ వచ్చాడు. జెట్స్ చివరికి చెల్లించింది ఒక థర్డ్ రౌండ్ పిక్. నవంబర్‌కి జట్టు 8-3. అప్పటిదాకా ఒక్క మ్యాచ్ ఓడని టెనెసీని వాళ్ల ఊళ్లోనే 34-13తో కొట్టారు. ఆ వారం మా బావ ఫోన్‌లో మాట్లాడిన తీరు చూస్తే సూపర్ బౌల్ టికెట్లు కొన్నాడేమో అనిపించింది. తర్వాత ఐదు మ్యాచ్‌లలో నాలుగు పోయాయి. ఆ ఐదింటిలో ఫార్వ్ విసిరినవి 2 టచ్‌డౌన్లు, 9 ఇంటర్‌సెప్షన్లు. కుడిచేతి కండరం చిరిగింది, దాన్ని సరిగ్గా బయటపెట్టనందుకు లీగ్ తర్వాత జెట్స్‌కి ఫైన్ కూడా వేసింది. చెయ్యి ఆఖర్న పోతుందన్న నా లెక్క ఇక్కడ తప్పింది, చెయ్యే ముందు పోయింది. పుండు మీద కారం ఏంటంటే, ఫార్వ్ కోసం జెట్స్ తీసేసిన చాడ్ పెనింగ్టన్ మయామీకి వెళ్లి, ఆఖరి మ్యాచ్‌లో జెట్స్‌ని వాళ్ల మైదానంలోనే ఓడించి డివిజన్ టైటిల్ ఎగరేసుకుపోయాడు. 9-7, ప్లేఆఫ్స్ లేవు.

అయితే కథ అక్కడ ఆగలేదు. 2009లో ఫార్వ్ మిన్నెసోటాకి వెళ్లాడు. ఆ సీజన్‌లోనే 40 నిండాయి. 33 టచ్‌డౌన్లు, ఏడే ఏడు ఇంటర్‌సెప్షన్లు, 12-4. ఏడాది క్రితం "అయిపోయాడు" అన్న మనిషే! చేతికి ఆపరేషన్ అయింది, వెనకాల బంతి పట్టుకుని పరిగెత్తడానికి ఏడ్రియన్ పీటర్సన్ ఉన్నాడు, ముందు మంచి గోడ ఉంది. మరి ఎక్కడ తెగింది? కాలి దగ్గరే. న్యూ ఆర్లియన్స్‌లో కాన్ఫరెన్స్ ఫైనల్, 28-28, ఇంకొన్ని గజాలొస్తే కిక్ కొట్టి సూపర్ బౌల్‌కి వెళ్లిపోవచ్చు. కుడివైపుకి జరిగాడు, ముందు ఖాళీ ఉంది, కానీ చీలమండ అప్పటికే వాచిపోయి ఉంది, పరిగెత్తలేదు, ఒంటికి అడ్డంగా వెనక్కి విసిరాడు. ఇంటర్‌సెప్షన్. ఓవర్‌టైంలో 31-28.

రాడ్జర్స్‌ది ఇంకా బాధాకరం. ట్రేడ్ నాటికి 39, 2020, 2021 సీజన్లకి వరసగా రెండు ఎంవీపీలు, అంటే లీగ్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డులు. పిక్‌ల లెక్కలో చూస్తే ధర మరీ ఘోరం కాదు, ఫస్ట్ రౌండ్‌లో 13వ స్థానం ఇచ్చి 15వ స్థానం తీసుకున్నారు, పైన రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు. అందులో రెండోది, మొదటి ఏడాది అతను 65 శాతం స్నాప్‌లు (బంతి ఆటలోకి వచ్చే ప్రతిసారీ ఒక స్నాప్) ఆడితే ఫస్ట్ రౌండ్ అవ్వాలి. అవ్వలేదు. 2023 సెప్టెంబర్ 11, సోమవారం రాత్రి, మేమంతా ఎడిసన్‌లోనే ఉన్నాం. జెండా పట్టుకుని మైదానంలోకి పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఇల్లంతా అరుపులు. అక్క గోంగూర మటన్ వడ్డిస్తోంది. నాలుగో స్నాప్. బఫెలో ఆటగాడు లియొనార్డ్ ఫ్లాయిడ్ పట్టుకుని పడేశాడు. లేచాడు, పక్కకి చూశాడు, మెల్లగా మళ్లీ గడ్డిలో కూర్చుండిపోయాడు. దెబ్బ పెద్దగా కనిపించలేదు, కానీ ఆ కూర్చోవడం చూశాక బావ ప్లేటు కింద పెట్టేశాడు. ఎడమకాలి మడమ వెనక ఉండే అకిలీస్ స్నాయువు తెగింది. సీజన్ అయిపోయింది. తమాషా ఏంటంటే ఆ మ్యాచ్ జెట్స్ గెలిచింది, ఓవర్‌టైంలో 22-16, మా ఇంట్లో మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మరుసటి ఏడాది 17 మ్యాచ్‌లూ ఆడాడు, 28 టచ్‌డౌన్లు, 11 ఇంటర్‌సెప్షన్లు. 41 ఏళ్లకి తక్కువేం కాదు, ఇక్కడే బావ నన్ను పట్టుకుంటాడు. "అంకెలు చూడు, ఫార్వ్ జెట్స్‌లో 22 టచ్‌డౌన్లకి 22 ఇంటర్‌సెప్షన్లు కదా." నిజమే. కానీ ఫార్వ్ జట్టు తొమ్మిది గెలిచింది, రాడ్జర్స్‌ది ఐదు. అక్టోబర్‌లో కోచ్ పోయాడు, నవంబర్‌లో జనరల్ మేనేజర్ పోయాడు. గ్రీన్ బేలో గోడ కూలుతుంటే ఎడమకి జారి పరుగులోనే మణికట్టు తిప్పి వేసే ఆ పాత బంతి నాకు జెట్స్‌లో పెద్దగా కనిపించలేదు, త్వరగా వదిలేయడమో బయటికి విసిరేయడమో, అంతే. చెయ్యి ఉంది, కాలు సగమే వచ్చింది.

మిగతా కేసులు గబగబా చెప్పేస్తాను. మాట్ రయాన్‌ని 2022లో ఇండియానాపొలిస్ ఒక్క థర్డ్ రౌండ్ పిక్‌కి తెచ్చుకుంది, చవకే, కానీ అతను పాకెట్‌లో, అంటే ఆ గోడ వెనకాలే, నిలబడే మనిషి కాబట్టి గోడ కావాలి, గోడ లేదు. 14 టచ్‌డౌన్లు, 13 ఇంటర్‌సెప్షన్లు, చేజారిన బంతులు బోలెడు, మిన్నెసోటా మీద 33 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకున్న రికార్డు కూడా ఆ జట్టుదే. చవకబేరం కూడా ఖాళీ ఇంట్లో పనికిరాదు. దీనికి ఎదురు జో మోంటానా. మోచేతి దెబ్బతో దాదాపు రెండు సీజన్లు ఆడని మనిషికి 1993లో కాన్సాస్ సిటీ ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చింది, పిచ్చి అనిపించే ధర. 37 ఏళ్లకి ఆ జట్టుని కాన్ఫరెన్స్ ఫైనల్‌కి తీసుకెళ్లాడు. గెలవలేదు, తలకి దెబ్బ తగిలి బయటికి వెళ్లాడు. అయినా నేనైతే ఆ బేరాన్ని మంచిదే అంటాను.

"ఇదంతా ఎందుకు, డ్రాఫ్ట్‌లో కుర్రాణ్ని తెచ్చుకుంటే పోలా?" అనేవాళ్లకి జెట్స్ చరిత్రే జవాబు. 2018లో మూడో పిక్ సామ్ డార్నాల్డ్, 2021లో రెండో పిక్ జాక్ విల్సన్, ఇద్దరూ అక్కడ కుదుటపడలేదు. డార్నాల్డ్ 2024లో మిన్నెసోటాలో 14 మ్యాచ్‌లు గెలిచాడనుకోండి, అది వేరే ఏడుపు. అదే డెన్వర్ మాత్రం 85 మిలియన్ల బరువు నెత్తిన ఉండగానే 2024లో బో నిక్స్‌ని తీసుకుని ప్లేఆఫ్స్‌కి వెళ్లిపోయింది. కుర్రాడికి జీతం తక్కువ, మిగిలిన డబ్బుతో గోడ కట్టుకోవచ్చు.

కాబట్టి ఏది మేలంటే నా వరస ఇది. జట్టు అంతా సిద్ధంగా ఉండి ఒక్క ఆ కుర్చీయే ఖాళీగా ఉంటే, నిలబడి ఆడే 33 ఏళ్లవాడికి రెండు ఫస్ట్ రౌండ్లు ఇచ్చినా తప్పులేదు. పరుగు మీద బతికేవాడైతే అదే వయసుకి అందులో సగం కూడా ఇవ్వను. 38 దాటితే థర్డ్ రౌండ్, అంతకంటే పైసా ఎక్కువొద్దు, మొదటి సీజన్ చూడకుండా కొత్త కాంట్రాక్ట్ అసలే వద్దు. జెట్స్‌లా అన్నీ చిల్లులే ఉంటే కుర్రాడే దిక్కు.

బావకి ఇది నచ్చలేదు. 2025 సెప్టెంబర్‌లో రాడ్జర్స్ పిట్స్‌బర్గ్ జెర్సీతో అదే మైదానానికి వచ్చి, పాత జట్టు మీద నాలుగు టచ్‌డౌన్లు విసిరి 34-32తో గెలిచిన రోజు, మ్యాచ్ అయిన రెండు నిమిషాలకి మెసేజ్ పెట్టాడు: "చూశావా, చెయ్యి ఎక్కడికీ పోలేదు." నేను చూసింది బంతి అతని చేతిలో ఎంతసేపు ఉంటోందనే. అదే రాశాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. తర్వాత అక్క ఫోన్ చేసి చెప్పింది, 8వ నంబర్ జెర్సీని కారు తుడవడానికి వాడుతున్నాడట, 4 మాత్రం ఇంకా హ్యాంగర్‌కే ఉందట.