కొల్లి కొండల 70 మలుపులు: రాత్రి బస కిందా, పైనా?

బెంగళూరులో నలుగురు తెలుగువాళ్లు బైకులు కొన్నారంటే నెల తిరగకుండా ఒక వాట్సాప్ గ్రూపు పుడుతుంది, ఆ వెంటనే నంది కొండ రైడు ఉంటుంది. నంది అయిపోయాక "నెక్స్ట్ ఎక్కడ మామా?" అని మొదలవుతుంది. ఆరేడు బండ్లు, రెండు రోజులు, మలుపులే మలుపులు కావాలంటే నేను కొల్లి కొండలే అంటాను. తమిళనాడులో నామక్కల్ దగ్గర, కారవల్లి అనే ఊరి నుంచి పైకి వెళ్లే ఘాట్ రోడ్డులో 70 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, అంటే U ఆకారంలో వెనక్కి తిరిగేవి. ప్రతి మలుపు దగ్గరా నంబరు బోర్డు ఉంటుంది కాబట్టి ఎన్ని అయ్యాయో, ఇంకెన్ని మిగిలాయో లెక్కపెట్టుకోనక్కర్లేదు.

మిగతావాటిని ఎందుకు పక్కన పెడతానో ముందు చెప్పాలి. ఊటీకి మసినగుడి నుంచి ఎక్కే కల్లట్టి ఘాట్‌లో 36 మలుపులు. నిటారులో కొల్లి కొండలకంటే కఠినం. కానీ గ్రూపుకి అది తలనొప్పి. బందీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు బంద్. అడవి రోడ్డులో బండి ఆపకూడదు, అంటే వెనకబడ్డవాడి కోసం ఆగి చూడటం కుదరదు. ఊటీలోకి 2024 మే నుంచి ఈ-పాస్ కావాలి. పైగా కల్లట్టి దారిలో బయటి బండ్లను ఎక్కనిస్తారు కానీ దిగనివ్వరు, దిగడానికి గూడలూరు వైపు చుట్టు తిరగాలి. ఎనిమిది బండ్లలో ఒకదానికి పంక్చర్ పడితే చాలు, గేటు టైము గురించి ఎనిమిది మందికీ టెన్షన్. ఇద్దరు ముగ్గురు వెళ్తే అదే దారి బ్రహ్మాండంగా ఉంటుంది.

ఇంకో హిల్ స్టేషన్ ఏర్కాడు, సేలం పక్కనే. 20 మలుపులు, వెడల్పైన రోడ్డు, పైన కావలసినన్ని హోటళ్లు. కొత్తగా బండి నేర్చినవాళ్లుంటే, వెనక సీటులో భార్యో భర్తో ఉంటే అదే మేలు. సేలం వైపు నుంచి ఎక్కి కుప్పనూరు వైపు దిగితే వచ్చిన దారినే తిరిగిరావాల్సిన పని కూడా ఉండదు. అయితే శని ఆదివారాల్లో కార్ల వెనక కార్లు. మే నెలలో వేసవి ఉత్సవాల రోజుల్లో అయితే వెళ్లకపోవడమే మంచిది.

ఇక అసలు విషయం. కొల్లి కొండలకు అందరూ వేసుకునే ప్లాన్ ఒకటే: శనివారం తెల్లవారుజామున 4కి బయల్దేరడం, హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి, సేలం మీదుగా మధ్యాహ్నానికి కొండ ఎక్కడం, పైన హోమ్‌స్టేలో రాత్రి గడిపి ఆదివారం దిగడం. ఈ ప్లానుతో నాకు పేచీ ఉంది. సేలం దాకానే దాదాపు 200 కిలోమీటర్లు. హైవే మీద నిద్రలేమితో, ఎండలో అంత దూరం నడిపి, నామక్కల్ వైపు మళ్లేసరికి భుజాలు పట్టేస్తాయి. ఆ ఒంటితో, వెనక సీటుకి కట్టిన బ్యాగుల బరువుతో, మధ్యాహ్నం భోజనం చేసి 70 మలుపులు ఎక్కుతాం. కష్టమైన పనిని ఒంట్లో ఓపిక అడుగంటాక పెట్టుకోవడమన్నమాట.

దాన్ని తిరగేస్తే సరిపోతుంది. శనివారం నిదానంగా ఏడింటికి టిఫిన్ చేసి బయల్దేరండి. సాయంత్రానికి నామక్కల్ చేరి అక్కడ లాడ్జిలో దిగండి. ఆదివారం తెల్లవారగానే బ్యాగులు రూములో వదిలేసి, ఖాళీ బండ్లతో కొండ ఎక్కి దిగి రండి. తమిళనాడు లాడ్జిల్లో చాలావాటికి 24 గంటల చెక్అవుట్ ఉంటుంది. సాయంత్రం 5కి దిగితే మర్నాడు సాయంత్రం 5 దాకా రూము మనదే. బుక్ చేసేటప్పుడు ఈ ఒక్క మాట అడిగి ఖాయం చేసుకోండి, ఆన్‌లైన్ యాపుల్లో మధ్యాహ్నం 12కే ఖాళీ చేయమనే రూల్ ఉండొచ్చు. బ్యాగులు లేని బండికీ ఉన్న బండికీ తేడా మూడో మలుపుకే చేతులకి తెలిసిపోతుంది.

నామక్కల్‌లో దిగడానికి ఇంకో కారణం, అది లారీల ఊరు. లారీ బాడీలు కట్టే పని అక్కడ పెద్ద వ్యాపారం. టైరు షాపులు, వెల్డింగ్ షాపులు, మెకానిక్కులు రోడ్డు పొడవునా ఉంటారు. సైలెన్సర్ బ్రాకెట్ విరిగినా, ఫుట్‌రెస్ట్ వంగినా గంటలో పని జరుగుతుంది. పైన కొండ మీద ఆ సదుపాయం ఆశించకూడదు. తిండికీ లోటు లేదు. కోడిగుడ్ల ఊరు కాబట్టి పరోటాలో గుడ్డు కొట్టి దంచే చప్పుడు రాత్రి దాకా వినిపిస్తూనే ఉంటుంది. పొద్దున కాస్త ముందు లేస్తే ఆంజనేయస్వామి గుడి చూడొచ్చు. 18 అడుగుల విగ్రహం, పైన కప్పు లేదు. లాడ్జి మాత్రం హైవే పక్కన తీసుకోవద్దు, ఎయిర్ హారన్లు తెల్లవార్లూ పడుకోనివ్వవు. ఊరి లోపల, గేటూ వాచ్‌మనూ ఉన్నచోట, బండ్లు నేలమీదే పెట్టుకునే వీలు చూసుకోండి. బేస్‌మెంట్ ర్యాంపులో ఎనిమిది బండ్లు దింపడం, ఎక్కించడం అదో ఘాట్ రోడ్డు.

పైన బస చెడ్డదని కాదు. సెమ్మేడు, సోలక్కాడు చుట్టుపక్కల హోమ్‌స్టేలున్నాయి, రాత్రి చల్లగా ఉంటుంది, మిరియాల తీగల మధ్య నిద్ర లేవడం బాగుంటుంది. కానీ ఒకచోట ఫోన్‌లో "రోడ్డు పక్కనే సార్, పార్కింగ్ ఉంది" అన్నారు. వెళ్లి చూస్తే తారు రోడ్డు దిగి మట్టి బాట, దాని చివర ఏటవాలు పెరడు. వాన పడ్డ మట్టిలో సైడ్ స్టాండ్ మెల్లమెల్లగా దిగిపోతూ, వరసలో చివరి బండి పక్కదాని మీద వాలింది. పక్కదాని క్లచ్ లివర్ విరిగింది. అప్పట్నుంచి మేం స్టాండ్ కింద పెట్టడానికి అరచేయంత రేకు ముక్క ప్రతి బండిలో పెట్టుకుంటున్నాం. బండిని ఫస్ట్ గేర్‌లో వదలడం, ముందు చక్రం ఎత్తు వైపు పెట్టడం ఎలాగూ చెయ్యాలి. పైన దిగేవాళ్లు మాత్రం హోమ్‌స్టే వాళ్లను రోడ్డు నుంచి పార్కింగ్ దాకా ఒక వీడియో పంపమనండి. ఫోటోల్లో ఏటవాలు తెలియదు.

ఆకాశగంగ జలపాతం చూడాలన్నా, అరప్పలీశ్వరర్ గుడిలో తీరిగ్గా కూర్చోవాలన్నా పైన ఉండాల్సిందే. జలపాతానికి వెయ్యికి పైగా మెట్లు దిగి, మళ్లీ ఎక్కాలి. రైడింగ్ బూట్లతో ఆ పని పెట్టుకుంటే తర్వాత బ్రేకు నొక్కడానికి కాలు వణుకుతుంది. రైడు కోసం వచ్చిన రోజు దాన్ని వదిలేయమనే చెబుతాను. ఆగస్టు మొదట్లో, తమిళుల ఆడి మాసంలో, ఈ కొండల్ని ఏలిన పాతకాలపు రాజు వల్విల్ ఓరి పేరు మీద పండుగ జరుగుతుంది, అప్పుడు కొండంతా జనమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, మలుపుల్లో కొట్టుకొచ్చిన మట్టి. జనవరి, ఫిబ్రవరి మాకు కలిసొచ్చిన నెలలు. పొద్దున్నే పొగమంచు ఉంటే మాత్రం ఒక గంట ఆగాలి.

మలుపుల సంగతికొస్తే, ఎక్కేటప్పుడు ఎడమ మలుపు కష్టం. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి లోపలి అంచు మనకే వస్తుంది. నిటారు ఎక్కువ అక్కడే, కంకర చేరేదీ అక్కడే. రెండో గేర్‌లో దూరితే సగంలో ఇంజిన్ కొట్టుకుంటుంది. కంగారులో క్లచ్ నొక్కితే బండి ఆగుతుంది, ఎడమ కాలు దింపితే నేల ఇంకో జానెడు కింద ఉంటుంది. మా గ్రూపులో బండి పడ్డ సందర్భాలన్నీ ఇలాంటివే, స్పీడులో పడ్డవాళ్లు లేరు. మలుపుకి ముందే ఫస్ట్ గేర్ వేసి, చూపు పై రోడ్డు మీద పెట్టి, యాక్సిలరేటర్ వదలకుండా తిరగాలి. పైనుంచి బస్సు దిగుతుంటే మలుపుకి కిందే ఆగిపోండి. రూల్ ప్రకారం ఎక్కే బండిదే ముందు హక్కు. కానీ బస్సు ముక్కు మన వైపుకి పూర్తిగా వచ్చాకే దాని వెనక చక్రాలు తిరుగుతాయి, డ్రైవర్ కావాలనుకున్నా మనకి చోటివ్వలేడు. పైన హారన్ వినిపిస్తే చాలు, ఆగండి.

దిగేటప్పుడు ఏ గేర్‌లో ఎక్కామో ఆ గేర్‌లోనే దిగాలి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగినవాళ్ల బండి నుంచి సగం దారిలోనే మాడు వాసన వస్తుంది. అలా వస్తే వెడల్పున్న చోట ఆపి పావుగంట చల్లారనివ్వాలి. రైడుకి ముందు సర్వీసులో బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ చూపించుకోమని అందుకే అంటాం. బండి అద్దెకు తీసుకునేవాళ్లు టైరు పక్క అంచులు కాదు, నడిమధ్య చూడండి. బెంగళూరు ట్రాఫిక్‌లో తిరిగి తిరిగి అక్కడ నున్నగా అయిపోయి ఉంటుంది. ఒక రెంటల్ షాపు మా వాడికి అలాంటిదే అంటగట్టింది. రాష్ట్రం దాటడానికి ఆ బండికి అనుమతి ఉందో లేదో కూడా మెసేజ్‌లో రాయించుకోండి, నోటి మాట చెక్‌పోస్టులో పనికిరాదు.

గ్రూపు నడక గురించి నా పట్టుదల ఒక్కటే: ఎవరైనా అద్దంలో తన వెనకవాడు కనబడకపోతే వేగం తగ్గించాలి, అప్పటికీ రాకపోతే మంచి చోటు చూసి ఆగాలి. అలా గొలుసులాగా ముందున్న లీడర్ దాకా కబురు అందుతుంది. ఇంటర్‌కామ్‌లు ఉంటే మంచిదే, లేకపోయినా ఇది పనిచేస్తుంది. హైవే మీద కుడి ఎడమలుగా, ఘాట్‌లో ఒకరి వెనక ఒకరుగా వెళ్లాలి. ఘాట్‌లో గ్రూపులోవాళ్లని గ్రూపువాళ్లు ఓవర్‌టేక్ చేయకూడదు. అందరికంటే నెమ్మదిగా నడిపేవాడు లీడర్ వెనకే రెండో స్థానంలో ఉండాలి, చివర్లో పెడితే అందరినీ అందుకోవాలని తొందరపడతాడు. చివరి బండి చెయ్యి తిరిగినవాడికి ఇవ్వండి, పంక్చర్ కిట్, ఒక క్లచ్ కేబుల్, మందుల డబ్బా అతని దగ్గరే. "వేగంగా వెళ్తాను, పైన కలుస్తాను" అనే అన్నయ్య ప్రతి గ్రూపులో ఉంటాడు. అతన్ని కారవల్లి నుంచి ముందే పంపేయండి, పైన టీ చెప్పి ఉంచుతాడు.

పెట్రోలు అందరూ ఒకేచోట, నామక్కల్‌లోనే శనివారం రాత్రి కొట్టించాలి. "నాకింకా సగం ఉంది" అన్నవాడికి కూడా.

తిరుగు ప్రయాణంలో సేలం దాటాక తొప్పూరు ఘాట్ వస్తుంది. మనం ఎక్కుతాం, ఎదురుగా లారీలు దిగుతుంటాయి. కాబట్టి ఎక్కువ జాగ్రత్త కావాల్సింది శనివారం వెళ్లేటప్పుడే. బ్రేకులు ఫెయిలైన లారీల వల్ల ప్రమాదాలు జరిగే చోటు అది, దిగువలో లోడు లారీకి ముందు ఉండిపోకుండా చూసుకోండి. టోల్‌గేట్లలో ఎడమ అంచున బైకుల దారి ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు. ఆదివారం నామక్కల్ నుంచి మధ్యాహ్నం 12 లోపు బయల్దేరండి. కృష్ణగిరిలో భోజనానికి ఆగితే మళ్లీ తెలుగులో ఆర్డర్ చెప్పుకోవచ్చు. సాయంత్రం 5 దాటాక కర్ణాటక సరిహద్దులోని అత్తిబెలె చేరారంటే బెంగళూరులో సిల్క్ బోర్డు కూడలి దాకా ట్రాఫిక్‌లో క్లచ్ నొక్కుతూనే ఉండాలి.