ఎనిమిది గాట్ల పుల్లీ: మియాటాలో పాత ఇంజిన్ వేసిన ఆరేళ్లకి

పాత ఇంజిన్ కొనేటప్పుడు అందరం ముందు అడిగేది ఒకటే, ఎన్ని మైళ్లు తిరిగింది అని. నేనూ అదే అడిగాను, అక్కడే దెబ్బ తిన్నాను. నాది 1990 మాజ్డా మియాటా, 1.6 లీటర్ బండి. దీనికి మైళ్ల కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది: ఇంజిన్ ముందు బెల్టుల్ని తిప్పే చక్రం, అదే క్రాంక్ పుల్లీ, దాని నడుమ భాగంలో గాట్లు నాలుగా, ఎనిమిదా?

మియాటా వాళ్లకి ఈ సంగతి తెలిసే ఉంటుంది, కొత్తగా కొంటున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. 1990 నుంచి దాదాపు 1991 మధ్య వరకు వచ్చిన ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్ట్ (ఆ పుల్లీని తిప్పే ప్రధాన ఇరుసు) ముందు కొస పొట్టిగా ఉంటుంది. అందరూ షార్ట్ నోస్ అంటారు. పుల్లీని పట్టి ఉంచే బోల్టు కాస్త వదులైతే చాలు, పుల్లీ ఇరుసు మీద జారకుండా పట్టే చిన్న ఇనప ముక్క, అంటే లోపలి కీ, అటూ ఇటూ కదిలి తన గాడిని తనే అరగదీసుకుంటుంది, పుల్లీ ఊగుతుంది, టైమింగ్ తప్పుతుంది. ఆ తర్వాత మాజ్డా ఆ కొసని పొడుగు చేసింది. బయట నుంచి చూసి తేడా పట్టుకోవాలంటే పొట్టిదానికి నాలుగు గాట్లు, పొడుగుదానికి ఎనిమిది. 1991లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి సంవత్సరం చూసి నమ్మడానికి లేదు.

నా బండికి ఒక షాపులో టైమింగ్ బెల్ట్ మార్పించాను. ఐదు నెలలు తిరక్కుండానే ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం మానేసింది. బానెట్ ఎత్తి చూస్తే పుల్లీ కళ్లముందే వంకరగా తిరుగుతోంది. బెల్ట్ మార్చినప్పుడు ఆ బోల్టు సరిగ్గా బిగించలేదని నా నమ్మకం, కానీ నిరూపించే దారి లేదు. గాడిలో లాక్టైట్ అనే బలమైన జిగురు పోసి నిలబెట్టే పద్ధతి ఒకటుంది, కొంతమందికి ఏళ్ల తరబడి నిలిచింది కూడా. నాది ఆ దశ దాటిపోయింది.

అప్పుడు ఆన్‌లైన్లో ఒక ఇంజిన్ దొరికింది. "1990–93 మియాటా 1.6, పరీక్షించినది, 90 రోజుల వారంటీ", 450 డాలర్లు. లారీలో తెప్పించుకోవడానికి ఇంకో 240. ఆ వారంటీ అన్న మాట చూసి మనసు స్థిమితపడింది. చెక్క పలక మీద ప్లాస్టిక్ చుట్టి గరాజ్ ముందు దింపారు. మెకానిక్ పని బాగా తెలిసిన మా గుంటూరు అన్న ఒకాయన ఉన్నాడు, ఆ సాయంత్రమే వచ్చి టార్చి వేసి ముందువైపు చూశాడు. రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత "నాలుగే ఉన్నాయి తమ్ముడూ" అన్నాడు.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, ఇంజిన్ తిరుగుతుంది కదా, లోపం లేదు కదా, అన్నారు. వారంటీ కాగితం అప్పుడు పూర్తిగా చదివాను. ఇంజిన్ పాడైతే ఇంకో ఇంజిన్ ఇస్తారు, అంతే. తీసి పెట్టే కూలి మనదే, పంపే ఖర్చు మనదే, మనంతట మనం వెనక్కిస్తే 20 శాతం కోత. ఇంజిన్ మార్పిడిలో అసలు ఖర్చు కూలీలోనే ఉంటుంది, దాన్ని వదిలేసిన వారంటీ నా లెక్కలో వారంటీ కాదు. లారీ కిరాయిలు రెండు, ఆ కోత కలిపి ఐదొందల డెబ్బై దాకా పోయాయి. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

తర్వాత నాలుగు నెలలు వెతికాను. ఫోన్ చేసిన ప్రతిచోటా గాట్ల సంగతి అడిగితే మైళ్లు చెప్పేవాళ్లు. జపాన్ నుంచి వచ్చే యూనోస్ రోడ్‌స్టర్ (అక్కడ మియాటా పేరు అదే) ఇంజిన్లు కూడా చూశాను, అదే 1.6. తక్కువ తిరిగాయి అంటారు, కాగితం అడిగితే ఉండదు. పైగా తొలి ఏళ్లవైతే అక్కడా పొట్టి కొసే.

చివరికి నార్త్ కరోలినాలో విన్‌స్టన్-సేలమ్ దగ్గర ఒక పెద్దాయన తన 1993 మియాటాని భాగాలుగా అమ్మేస్తున్నాడని తెలిసింది. వెనక నుంచి ఎవరో గుద్దారు, డిక్కీ నుజ్జయింది, ముందు సగం చెక్కుచెదరలేదు. గాట్లెన్ని అని అడగగానే ఆయనే "ఎనిమిది, ఫొటో పంపనా?" అన్నాడు. నాలుగు నెలల్లో ఆ ప్రశ్న అర్థమైన మొదటి మనిషి ఆయనే. శనివారం పొద్దున్నే రమ్మన్నాడు, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయను, చల్లగా ఉన్నప్పుడే వినండి అన్నాడు. మేం వెళ్లి ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూశాం, నిజంగానే చల్లగా ఉంది. మొదటి తిప్పుకే అందుకుంది, పొగ లేదు. కాస్త వేడెక్కాక ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టుకోనిచ్చాడు: 172, 170, 175, 171 పీఎస్‌ఐ. అన్న నా వైపు చూసి తలూపాడు. 900 డాలర్లు, బేరం ఆడాలనిపించలేదు. ఇంజిన్ కిందికి దించి మా అద్దె ట్రక్కులో ఎక్కించేదాకా ఆయన మాతోనే నిలబడ్డాడు.

రెండు వారాంతాలు పట్టింది. గేర్‌బాక్స్‌తో కలిపే పైకి లాగాం. ఇంజిన్ బయట ఉన్నప్పుడే వెనక మెయిన్ సీల్, క్లచ్, వాటర్ పంపు, టైమింగ్ బెల్ట్, హెడ్ వెనక ఉండే కామ్ యాంగిల్ సెన్సర్ ఓ-రింగ్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) మార్చేయండి. ఆ రింగు ఖరీదు ఒక కాఫీ అంత ఉండదు, కారులో ఉండగా మార్చాలంటే చెయ్యి దూరే సందు ఉండదు.

ఇప్పటికి 41 వేల మైళ్లు. టెనెసీ సరిహద్దులో టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ అనే కొండ రోడ్డు మీదికి మూడుసార్లు తీసుకెళ్లాను, 11 మైళ్లలో 318 మలుపులు, రెండో గేర్లో ఏడు వేల ఆర్‌పీఎం దాకా తిప్పినా ఎక్కడా తడబడలేదు. పుల్లీ మాత్రం నెలకోసారి చూస్తాను, అలవాటైపోయింది, నిక్కచ్చిగా తిరుగుతోంది.

మొదటి ఏడాది అందరికీ కొత్త ఇంజిన్‌లా ఉందని చెప్పాను. ఆ మాట ఇప్పుడు అనలేను. చలికాలం పొద్దున వాల్వుల్ని కదిలించే లిఫ్టర్లు రెండు మూడు నిమిషాలు టిక్‌టిక్‌మంటాయి, ఈ ఇంజిన్లకి అది మామూలే అయినా మొదట్లో ఇంత లేదు. రెండు వేల మైళ్లకి ఒక క్వార్ట్, అంటే దాదాపు లీటర్, ఆయిల్ తాగుతోంది. వాల్వ్ కవర్ గాస్కెట్ పాతదే వాడాం, మూడో ఏట కారి వెనక గొట్టాల మీద పడింది, అది మా తప్పే.

మీరూ ఇలాగే చేయండి అని చెప్పడానికి సందేహిస్తాను. నాకు ఆఫీసుకి వెళ్లడానికి క్యామ్రీ ఉంది, గరాజ్ ఉంది, డబ్బు తీసుకోకుండా రెండు వారాంతాలు ఇచ్చిన అన్న ఉన్నాడు. ఈ మూడూ లేకపోతే, ఉన్నది ఈ ఒక్క కారే అయితే, పొడుగు కొస ఇంజిన్ ఉన్న బండినే వెతికి కొనుక్కోవడం నయం అనుకుంటాను. లేదూ ఈ బండినే బతికించుకోవాలి అంటే, కారులోనే ఉన్న ఇంజిన్ కోసం చూడండి, చల్లగా ఉండగా వినండి, గాట్ల ఫొటో వచ్చేదాకా డబ్బు పంపకండి.

టైమింగ్ బెల్ట్‌కి ఇంకో 19 వేల మైళ్లు ఉంది. ఈసారి షాపుకి ఇవ్వను. ఆ బోల్టు బిగించే రోజు బిగువు కొలిచే టార్క్ రెంచ్ నా చేతిలోనే ఉంటుంది, అన్న పక్కన నిలబడి చూస్తానన్నాడు.