విండోస్ ఫైర్‌వాల్ రివ్యూ: సర్వర్ రన్ చేయగానే లేచే ఆ డబ్బా సంగతి

విండోస్ లాప్‌టాప్‌లో మనం రాసిన సర్వర్ (పేజీలు అందించే ప్రోగ్రాం) స్టార్ట్ చేసిన రెండు సెకన్లకు ఫైర్‌వాల్, అంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్లకు విండోస్ పెట్టిన కాపలా, తెర మీద ఒక డబ్బా లేపుతుంది. పబ్లిక్, ప్రైవేట్ నెట్‌వర్క్‌ల నుంచి ఈ యాప్‌ను అందనియ్యాలా వద్దా అని అడుగుతుంది. కింద రెండే బటన్లు: అలో, క్యాన్సిల్. పైన రాసి ఉన్న పేరు మన ప్రాజెక్టుది కాదు. జావాలో రాసే స్ప్రింగ్ బూట్ అయితే "ఓపెన్‌జేడీకే ప్లాట్‌ఫామ్ బైనరీ" అని, జావాస్క్రిప్ట్‌లో రాసే ఎక్స్‌ప్రెస్ అయితే "నోడ్.జేఎస్ జావాస్క్రిప్ట్ రన్‌టైమ్" అని ఉంటుంది. హన్మకొండలో ఫుల్ స్టాక్ కోర్సు నేర్చుకునే పోరగాళ్ల నుంచి మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం చేసేవాళ్ల దాకా అందరికీ తెలిసిన డబ్బానే ఇది. చదివి నొక్కేవాళ్లు మాత్రం తక్కువ.

మార్కులు ముందే చెప్పేస్తాం. ఫైర్‌వాల్‌కు 5కి 4, ఆ డబ్బాకు 5కి 2. ఫైర్‌వాల్ మంచిదే. 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో తనంతట తానే ఆన్ అయి రావడం మొదలుపెట్టినప్పటి నుంచి పైసా ఖర్చు లేకుండా కాపలా కాస్తోంది. లొల్లంతా అది అడిగే తీరుతోనే.

ముందు అది ఏమడుగుతుందో చూద్దాం. విండోస్ ఫైర్‌వాల్ బయటికి పోయేవాటిని మామూలుగా ఆపదు. అందుకే ప్యాకేజీలు దించుకునేటప్పుడు, గిట్ పుష్ కొట్టేటప్పుడు ఏ డబ్బా రాదు. మన ప్రోగ్రాం ఒక పోర్టు (నంబరున్న తలుపు లాంటిది) తెరిచి "ఎవరైనా రండి" అని కూర్చున్నప్పుడే వస్తుంది. అదీ 0.0.0.0 మీద, అంటే లాప్‌టాప్‌కు ఉన్న అన్ని నెట్‌వర్క్‌ల మీద కూర్చుంటేనే. 127.0.0.1 మీద కూర్చుంటే అది ఇంట్లో మాట, వాకిలి దాటదు, ఫైర్‌వాల్ పట్టించుకోదు. జాంగో, ఫ్లాస్క్, వీట్ లాంటి వెబ్ టూల్స్ మామూలుగా ఇంట్లోనే ఉంటాయి కాబట్టి వాటితో ఈ కిరికిరి రాదు. స్ప్రింగ్ బూట్, నెక్స్ట్.జేఎస్, అడ్రస్ ఇవ్వకుండా లిజన్ పిలిచిన ఎక్స్‌ప్రెస్, కోలన్ 8080 అని మాత్రమే రాసిన గో ప్రోగ్రాం, పైథాన్‌తో వచ్చే చిన్న హెచ్‌టీటీపీ సర్వర్, ఇవన్నీ వాకిట్లో కుర్చీ వేసుకునే రకం.

ఇప్పుడు అసలు లోపం. క్యాన్సిల్ అంటే "ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం" అని మనం అనుకుంటాం. విండోస్ మాత్రం "ఎప్పటికీ వద్దు" అని రాసుకుంటుంది. ఆ ప్రోగ్రాం పేరు మీద టీసీపీకి ఒకటి, యూడీపీకి ఒకటి (డేటా పోయే రెండు పద్ధతులు ఇవి) బ్లాక్ రూల్, అంటే ఆపెయ్యమనే నియమం, పడుతుంది, ఆ తర్వాత మళ్లీ అడగదు. రెండు వారాల తర్వాత ఫోన్లో సైట్ తెరుద్దామంటే గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, కారణం ఎక్కడా కనిపించదు. పోర్టు తెరవడానికి కొత్తగా అలో రూల్ రాసినా పని కాదు. బ్లాక్, అలో ఎదురుపడితే గెలిచేది బ్లాకే.

కాలేజీ ల్యాబుల్లో ఇంకో అన్యాయం ఉంది. అడ్మిన్ హక్కులు లేని అకౌంటుకు డబ్బా చూపించదు. చాలాసార్లు చెప్పకుండానే బ్లాక్ రూల్ రాసి పెడుతుంది. అయితే అదే సిస్టంలో బ్రౌజర్ తెరిచి లోకల్‌హోస్ట్‌లో (127.0.0.1కు ఇంకో పేరు) చూసుకోవడానికి ఏ అడ్డూ లేదు. ప్రాజెక్టు రివ్యూ రోజు ల్యాబ్ సిస్టంలోనే డెమో ఇచ్చేవాళ్లు దీనికి పరేషాన్ కావాల్సిన పనిలేదు.

పడిపోయిన బ్లాక్ రూల్ తీయడం ఇట్లా. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి డబ్ల్యూ, ఎఫ్, చుక్క, ఎం, ఎస్, సీ అని కొట్టి ఎంటర్ ఇవ్వాలి. తెరుచుకున్న కిటికీలో ఎడమవైపు ఇన్‌బౌండ్ రూల్స్ మీద నొక్కాలి. జాబితా పొడుగ్గా ఉంటుంది. అలో రూల్ పక్కన పచ్చ టిక్కు, బ్లాక్ రూల్ పక్కన ఎర్ర గుండ్రం ఉంటాయి. ఓపెన్‌జేడీకే, నోడ్, పైథాన్ పేర్లతో ఎర్రవి వెతకండి, జంటగా ఉంటాయి. రెండూ తీసేయాలి, ఒక్కటే తీసి ఊరుకోవద్దు. జేడీకేలు (జావా టూల్స్ మూట) రెండు మూడు ఉన్న సిస్టంలో ఒకే పేరుతో నాలుగైదు జంటలు కనిపిస్తాయి. ఏది దేనిదో తెలియాలంటే కుడివైపుకు జరిగి ప్రోగ్రాం కాలమ్‌లో దారి (ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో చెప్పే పాత్) చదవాలి. తీసేశాక సర్వర్ ఆపి మళ్లీ రన్ చేస్తే డబ్బా తిరిగి వస్తుంది.

దారి అనే మాట దగ్గరే ఇంకో తలనొప్పి ఉంది. విండోస్ రూల్ రాసుకునేది ప్రోగ్రాం ఫైలు ఉన్న దారి మీద. జేడీకే కొత్త వెర్షన్ వేస్తే ఫోల్డర్ పేరు మారుతుంది, పాత రూల్ పనికిరాదు, మళ్లీ డబ్బా. గో రాసేవాళ్ల బాధ మరీ ఎక్కువ. గో రన్ కొట్టినప్పుడు తయారయ్యే ఫైలు ప్రాజెక్టు ఫోల్డర్లో ఉండదు, కోడ్‌లో ఒక అక్షరం మారినా కొత్త ఫైలు కొత్త దారిలో పుడుతుంది. ఊకూకె డబ్బా లేచేది అందుకే. గో బిల్డ్‌తో ఎప్పుడూ ఒకే చోట ఒకే పేరుతో ఫైలు చేసుకుని దాన్ని రన్ చేస్తే ఒక్కసారితో పోతుంది.

అంతకన్నా తేలిక మార్గం డబ్బా రాకుండానే చేసుకోవడం. గోలో కోలన్ 8080 బదులు 127.0.0.1:8080 అని రాయండి. స్ప్రింగ్ బూట్ ప్రాపర్టీస్ ఫైల్లో సర్వర్.అడ్రస్ విలువ 127.0.0.1 పెట్టండి. ఎక్స్‌ప్రెస్ లిజన్‌లో పోర్టు తర్వాత రెండో మాటగా అదే అడ్రస్ ఇవ్వండి. పైథాన్ చిన్న సర్వర్‌కు బైండ్ ఆప్షన్ ఉంది. పదిలో తొమ్మిదిసార్లు బ్రౌజర్ ఉన్నది అదే లాప్‌టాప్‌లో. దానికోసం ఊరంతటికీ తలుపు తీయడం ఎందుకు?

కళ్లు మూసుకుని అలో నొక్కితే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఆ డబ్బా రాసే అలో రూల్ ఒక్క 3000 పోర్టుకు కాదు, నోడ్ తెరిచే ప్రతి పోర్టుకు. మీ ప్రాజెక్టుకే కాదు, ఆ నోడ్ మీద నడిచే ప్రతి స్క్రిప్టుకు. ఇంటి వైఫైలో ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. బస్టాండు దగ్గరి టీ కేఫ్ వైఫైలో పబ్లిక్‌కు కూడా అలో ఇచ్చి కూర్చుంటే పక్క టేబుల్ లాప్‌టాప్‌కు మీ పాస్‌వర్డ్ లేని డేటాబేస్ అడ్మిన్ పేజీ తెరుచుకోవచ్చు. డబ్బాకు మార్కులు కోసింది ఇందుకే. ఏ పోర్టు, ఎవరికి అన్న రెండు ముక్కలు అది చెప్పదు.

ఫోన్లో చూడాలి, టీమ్‌లో ఇంకొకరికి చూపించాలి అంటే మాత్రం చేత్తో రాసిన రూలే నయం. అదే కిటికీలో న్యూ రూల్, పోర్ట్, టీసీపీ, స్పెసిఫిక్ లోకల్ పోర్ట్స్ దగ్గర 3000, 5173, 8000, 8080 అని కామాలతో రాయండి. అలో ద కనెక్షన్ తర్వాత ప్రైవేట్ ఒక్కదానికే టిక్కు ఉంచి, మిగతా రెండూ తీసి, గుర్తుండే పేరు పెట్టండి. తర్వాత ఆ రూల్ ప్రాపర్టీస్‌లో స్కోప్ ట్యాబ్‌కు పోయి రిమోట్ అడ్రస్‌లో లోకల్ సబ్‌నెట్ ఎంచుకుంటే అదే నెట్‌వర్క్‌లో ఉన్న పరికరాలకు తప్ప తలుపు తెరుచుకోదు. ఐదు నిమిషాల పని. ముందు ఎర్ర గుండ్రాలు తీయడం మరవద్దు.

రూల్ రాశాక కూడా ఫోన్లో రాకపోతే వైఫై ఏ రకంగా పడిందో చూడండి. విండోస్ 11 కొత్త వైఫైని పబ్లిక్ కిందే పెడుతుంది, ఫోన్ హాట్‌స్పాట్ అయినా అంతే. మన రూల్ ప్రైవేట్‌కు రాసింది కదా, పబ్లిక్‌లో అది పలకదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ఆ వైఫై ప్రాపర్టీస్ తెరిచి ప్రైవేట్‌కు మార్చాలి. ఇల్లు, సొంత హాట్‌స్పాట్ వరకే ఈ పని. కేఫ్ వైఫైకి వద్దు.

హాస్టల్ వైఫై మరో రకం. చాలాచోట్ల రౌటర్‌లో ఒక పరికరం ఇంకో పరికరాన్ని చూడకుండా ఐసొలేషన్ పెడతారు. అప్పుడు లాప్‌టాప్‌లో ఎన్ని రూల్స్ రాసినా ఫోన్‌కు అందదు, ఫైర్‌వాల్ మొత్తం ఆపేసినా అందదు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే దీనికి బ్రహ్మాండమైన మందు ఉంది: యూఎస్‌బీ కేబుల్. ఫోన్లో డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఏడీబీ (ఆండ్రాయిడ్ డెవలపర్ టూల్) ఉన్న లాప్‌టాప్ టెర్మినల్‌లో ఏడీబీ రివర్స్ టీసీపీ:3000 టీసీపీ:3000 అని ఇస్తే ఫోన్ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:3000 కొట్టినా లాప్‌టాప్ సర్వరే తెరుచుకుంటుంది. వైఫై అక్కర్లేదు, ఫైర్‌వాల్ రూల్ అక్కర్లేదు, సర్వర్ 127.0.0.1 మీదే ఉండొచ్చు. కేబుల్ పీకితే మళ్లీ ఇవ్వాలి, అంతే. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చవక కేబుల్‌తో ఇది నడవదు, డేటా కేబుల్ కావాలి. ఎమ్యులేటర్ (లాప్‌టాప్‌లోనే నడిచే నకిలీ ఆండ్రాయిడ్ ఫోన్) వాడేవాళ్లకు అదీ అక్కర్లేదు, 10.0.2.2 అని కొడితే నేరుగా లాప్‌టాప్ లోకల్‌హోస్ట్‌కే పోతుంది.

ఫైర్‌వాల్ మీద పడే నిందల్లో సగం దానివి కావు. ముందు టెర్మినల్‌లో నెట్‌స్టాట్ -ఏఎన్‌ఓ (తెరిచి ఉన్న పోర్టుల జాబితా ఇస్తుంది) కొట్టి మన పోర్టు పక్కన ఏముందో చూడాలి. 127.0.0.1 ఉంటే బయటి ఫోన్‌కు అందకపోవడం సహజమే. వీట్‌కు హోస్ట్ ఆప్షన్ ఇవ్వాలి, జాంగోను 0.0.0.0:8000 మీద నడపాలి. జాంగోలో పేజీ బదులు 400 ఎర్రర్ వచ్చిందంటే ఫైర్‌వాల్ దాటి వచ్చేసినట్టే, సెట్టింగ్స్ ఫైల్లోని అలోడ్ హోస్ట్స్‌లో లాప్‌టాప్ ఐపీ రాయలేదన్నమాట. నోడ్ 17 నుంచి లోకల్‌హోస్ట్ అంటే ముందు ఐపీవీ6 (కొత్త తరం) అడ్రస్‌కు పోవచ్చు, సర్వర్ 127.0.0.1 మీద ఉంటే రెఫ్యూజ్డ్ అంటుంది. కోడ్‌లో అంకెలతో అడ్రస్ రాస్తే సరి. సర్వర్ లేవకుండానే పర్మిషన్ లేదని పోర్టు దగ్గరే చచ్చిపోతే హైపర్-వీ (విండోస్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే భాగం) ఆ పోర్టును ముందే తన కోసం పట్టి పెట్టుకుని ఉండొచ్చు. పోర్టు నంబరు మార్చి చూడండి.

ఇంకొకటి. లైనక్స్ అలవాటున్నవాళ్లు "టైమౌట్ వస్తే ఫైర్‌వాల్, రెఫ్యూజ్డ్ వస్తే సర్వర్ లేదు" అని లెక్క వేస్తారు. విండోస్ మీద బయటినుంచి చూస్తే ఈ లెక్క తప్పుతుంది. ఎవరూ వినని పోర్టుకు కూడా అది జవాబివ్వకుండా మౌనంగా ఉంటుంది, సర్వర్ లేకపోయినా ఫోన్లో టైమౌటే కనిపిస్తుంది. అందుకే ముందు లాప్‌టాప్‌లోనే చూసి, తర్వాత ఫోన్ పట్టుకోండి. లాప్‌టాప్‌తో ట్రయల్‌గా వచ్చే యాంటీవైరస్ తన సొంత ఫైర్‌వాల్ పెట్టుకుందేమో కూడా చూడాలి. అట్లా అయితే పైన చెప్పిన రూల్స్ ఎన్ని రాసినా ఊరికే శ్రమ.

డాకర్ (ప్రోగ్రాంలను కంటైనర్లనే విడి డబ్బాల్లో నడిపే టూల్) వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. పోర్టు మ్యాపింగ్‌లో 8080:80 అని రాస్తే అది 0.0.0.0 మీదే కూర్చుంటుంది. ఉబుంటు లైనక్స్‌లో అయితే యూఎఫ్‌డబ్ల్యూ (అక్కడి ఫైర్‌వాల్) ఆన్ చేసి, పోర్టు మూసి ఉన్నా డాకర్ దాని కిందుండే ఐపీటేబుల్స్‌లో తన రూల్స్ తాను రాసుకుని పక్కదారిన పోతుంది. 127.0.0.1:8080:80 అని రాయడం అలవాటు చేసుకోండి. డేటాబేస్ కంటైనర్లకు మరీ ముఖ్యం.

మ్యాక్ సంగతి కొంచెం. అక్కడ ఫైర్‌వాల్ మామూలుగా ఆఫ్‌లోనే వస్తుంది, ఆన్ చేసినవాళ్లకే డబ్బా. అది దారిని కాక ప్రోగ్రాం మీది డిజిటల్ సంతకాన్ని చూస్తుంది. సొంతంగా బిల్డ్ చేసే ప్రోగ్రాం ప్రతిసారీ కొత్త సంతకంతో వస్తుంది కాబట్టి ప్రతిసారీ అడుగుతుంది. మందు అదే, 127.0.0.1. 2024లో వచ్చిన మ్యాక్ వెర్షన్ సెకోయా నుంచి ఇంకో ప్రశ్న కలిసింది: ఈ యాప్ లోకల్ నెట్‌వర్క్‌లోని పరికరాలను వెతకొచ్చా అని. కాదంటే ఆ యాప్‌కు "నో రూట్ టు హోస్ట్" వస్తుంది, జనం రౌటర్‌ను తిడతారు. ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో లోకల్ నెట్‌వర్క్ దగ్గర స్విచ్ ఉంటుంది. ఫ్లాస్క్ 5000 పోర్టు మీద 403 ఎర్రర్ ఇస్తే అది ఎయిర్‌ప్లే రిసీవర్ (ఫోన్ నుంచి వీడియో అందుకునే మ్యాక్ భాగం) పని, మాంటెరీ వెర్షన్ నుంచి ఆ పోర్టు దాని చేతిలో ఉంది.

విండోస్ డబ్బా నచ్చక బయటి ఫైర్‌వాల్ ప్రోగ్రాంలు చూసేవాళ్లు ముందుగా అందుకునేది టైనీవాల్. ఉచితం, డబ్బాలు అసలే లేపదు. కానీ అది బయటికి పోయేవాటిని కూడా మూసేస్తుంది. వేసిన రోజు ప్యాకేజీ ఇన్‌స్టాల్ ఆగిపోతుంది, గిట్ ఆగిపోతుంది, ఎందుకో ఒక్క ముక్క చెప్పదు. నోడ్, గిట్, పైథాన్ ఒక్కోదాన్నీ చేత్తో ఒప్పించాలి. ఓపిక ఉంటే మంచి సరుకే, ఫస్టియర్ పిల్లలకు చెప్పం. మ్యాక్‌లో లూలూ ఉచితం, లిటిల్ స్నిచ్‌కు డబ్బు పెట్టాలి. రెండూ బయటికి పోయే ప్రతిదాన్నీ అడుగుతాయి. మొదటి రోజు విసుగే, కానీ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముక్కూ మొహం తెలియని అడ్రస్‌కు ఒక స్క్రిప్టు ఫోన్ కొడుతుంటే పట్టిచ్చేది ఇవే. విండోస్ డబ్బా ఆ విషయంలో నోరెత్తదు.