తట్టేక్కాడ్‌లో పక్షుల గైడ్: మా అనుభవం

కేరళలోని తట్టేక్కాడ్ పక్షుల అభయారణ్యం చూడ్డానికి వెళ్లి మేం దిగింది ఒక కుటుంబం నడుపుకునే హోమ్‌స్టేలో. గది, భోజనం, గైడ్ అన్నీ వాళ్లే చూసుకుంటారు. గది సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. శుభ్రంగా ఉంది, దోమతెర ఉంది, వేడినీళ్లు వస్తాయి, సెల్ సిగ్నల్ మాత్రం వరండాలోనే. తెల్లారకముందే కట్టన్ చాయ (పాలు లేని టీ) చేతికిచ్చి పంపించేవాళ్లు. మధ్యాహ్నం మట్ట అనే లావు బియ్యం అన్నం, మోరు కూర (మజ్జిగ పులుసు లాంటిది), చేప వేపుడు. ఆ అన్నం మొదటి పూట మా అమ్మాయికి దిగలేదు గానీ, పొద్దుటినుంచీ అడవిలో తిరిగొచ్చాక ఇంకో గరిటె అడిగి వేయించుకుంది. నేను ఈ రివ్యూ రాస్తున్నది మాత్రం గైడ్ గురించి.

నేను జూనియర్ కాలేజీలో జూవాలజీ చెబుతాను. పక్షుల పాఠం వచ్చినప్పుడల్లా పక్షిశాస్త్రవేత్త సలీం అలీ గారి గురించి చెప్పకుండా ముందుకెళ్లను. అమ్మాయి ఇంటర్ సెకండియర్. సెలవుల్లో ఎక్కడికెళ్దాం అంటే "నువ్వెప్పుడూ చెప్పే ఆయన తిరిగిన అడవికి" అంది. అలా కేరళలోని ఎర్నాకుళం జిల్లాకు వెళ్లాం. శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఆలువలో దిగి, పెరుంబావూర్ మీదుగా కోతమంగళం బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాం. పెరియార్ ఒడ్డున సుమారు 25 చదరపు కిలోమీటర్ల చిన్న అభయారణ్యం ఇది. 1983లో ప్రకటించారు, సలీం అలీ గారి పేరే పెట్టారు. అప్పటికాయన బతికే ఉన్నారు.

ఆయన ఈ ప్రాంతానికి వచ్చింది 1933లో, తిరువాన్కూర్, కొచ్చిన్ సంస్థానాల పక్షుల సర్వే కోసం. దానికంటే ముందు మన హైదరాబాద్ సంస్థానంలో అదే పని చేశారు. ఆ సర్వేలకు ఆయన జీతం తీసుకోలేదు. దారి ఖర్చులు, గుడారం ఖర్చులు సంస్థానం భరిస్తే చాలు, పని ఊరికే చేస్తానన్నారు. చేతిలో డబ్బుండి అన్న మాట కాదది. డిగ్రీ లేదని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగం రాలేదు. బొంబాయి మ్యూజియంలో ఉన్న చిన్న ఉద్యోగం నుంచి సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి ఎర్విన్ స్ట్రెసెమాన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకుని వచ్చేసరికి, ఆ ఉద్యోగం కూడా లేకుండా పోయింది. భార్య తెహ్మినా బేగంతో కలిసి బొంబాయికి అవతల సముద్రం ఒడ్డునున్న కిహీమ్ పల్లెకి మకాం మార్చారు. అక్కడే 1930లో గిజిగాళ్ల గుట్టు తేల్చారు. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆపుతుంది. ఆడపక్షి వచ్చి లోపలికెళ్లి చూసి, నచ్చితే ఉండిపోతుంది. అప్పుడు మగది మిగతా గూడు పూర్తిచేసి, పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపక్షి కోసం చూస్తుంది. మన పొలాల గట్ల మీద ఈతచెట్లకీ తాటిచెట్లకీ వేలాడే గూళ్లు వీటివే. రోజుల తరబడి ఒకే కాలనీ ముందు కూర్చుంటే తప్ప ఇది బయటపడే సంగతి కాదు.

ఈ కథంతా ఎందుకు చెప్పానంటే, నేను గైడ్ దగ్గర వెతికింది ఆ కూర్చునే ఓపికనే. అది మాకు దొరికింది.

మా గైడ్ యాభై దాటిన మనిషి, ఆ ఊళ్లోనే పుట్టి పెరిగారు. ఆయన నన్ను "చేచీ" (అక్కా) అనేవారు, మేం ఆయన్ని "చేట్టా" (అన్నా) అన్నాం; అందుకే ఇక్కడ చేట్టన్ అనే రాస్తున్నాను. మాటలు సగం ఇంగ్లీషు, సగం తమిళం, మిగతాది చేత్తో సైగలు. మొదటి రోజు ఉరులన్‌తణ్ణి వైపు తీసుకెళ్లారు. వెలుగు సరిగ్గా రాకముందే బయల్దేరాం, ఎందుకంటే అటువైపు ఏనుగుల తిరుగుడు ఎక్కువ. దారిలో ఒకచోట తడి ఆరని ఏనుగు పేడ కనిపించగానే చెయ్యి అడ్డంపెట్టి ఆపారు. చాలాసేపు చెవులు రిక్కించి విని, ఆ బాట వదిలేసి వెనక్కి తిప్పారు. "ఇవాళ ఇటు వద్దు చేచీ" అన్నారంతే. మాతో ఇంకో జంట కూడా ఉంది, వాళ్లు కొంచెం గొణిగారు. నాకైతే ఆయన మీద గురి కుదిరింది అక్కడే.

తర్వాత ఆయన చేసిన పని వివరంగా చెప్పాలి. మాకు మలబార్ ట్రోగన్ చూడాలని ఆశ. మగదానికి నల్లటి తల, రొమ్ము మీద తెల్లటి పట్టీ, కింద కుంకుమ ఎరుపు పొట్ట. ఇంత రంగున్న పక్షి కనిపించకపోవడమేంటి అనుకుంటాం గానీ, అది మధ్య ఎత్తు కొమ్మ మీద నిటారుగా, కదలకుండా, చాలాసార్లు మనకి వీపు చూపిస్తూ కూర్చుంటుంది. వెనకనుంచి చూస్తే మట్టిరంగు. చేట్టన్ ట్రోగన్‌ని వెతకలేదు. రాకెట్ తోక డ్రాంగో గొంతు కోసం ఆగారు. పొడుగాటి రెండు తోక ఈకల చివర చిన్న రెక్కల్లాంటివి ఆడించుకుంటూ తిరిగే నల్లపిట్ట అది, మన పసలపోలిగాడి చుట్టం. పడమటి కనుమల్లో పురుగులు తినే రకరకాల పిట్టలు గుంపుగా కలిసి అడవిలో మేత వెతుక్కుంటూ కదులుతాయి. ఆ గుంపులో ఈ డ్రాంగో తరచుగా ఉంటుంది. డేగ కనబడితే ముందు అరిచేది అదే. అదే అదనుగా మిగతావాటి నోటి దగ్గరి పురుగుల్ని కూడా ఎగరేసుకుపోతుంది. వేరే పిట్టల గొంతుల్ని అనుకరిస్తుంది కూడా.

గుంపు వినిపించింది. మేం దాని వెంట పడలేదు, అది వెళ్లే దిక్కు చూసుకుని ముందుగా వెళ్లి ఒక మోడు దగ్గర కూర్చున్నాం. మొదట బుల్‌బుల్‌లు, తర్వాత ఒక వడ్రంగిపిట్ట, ఆ తర్వాత డ్రాంగో మా నెత్తి మీదుగా పోయాయి. అన్నిటికన్నా వెనగ్గా, ఏ చప్పుడూ లేకుండా, ట్రోగన్ వచ్చి వాలింది. గుంపు కదిలించిన పురుగుల్ని ఎగిరి పట్టుకోవడం దాని పద్ధతి. ఆకు అడుగున ఉన్న పురుగుని గాల్లోనే అందుకుని, తిరిగి అదే కొమ్మ మీద కూర్చుంది. ఈసారి మావైపు తిరిగి. అమ్మాయి బైనాక్యులర్ దించలేదు. నేను పాఠంలో "మిశ్రమ గుంపులు" అని బోర్డు మీద రాసే మాట ఆ పిల్ల కళ్లముందు జరిగింది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. మర్నాడు అదే బాటలో ఇంకో బృందం ఎదురైంది. వాళ్ల గైడ్ స్పీకర్ పెట్టి పక్షి కూత మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాడు. పక్షి వచ్చింది, ఫొటోలు తీసుకున్నారు, వెళ్లిపోయారు. చూసేవాళ్లకి అది మంచి సర్వీసే అనిపిస్తుంది. కానీ ఆ పక్షి వచ్చింది తన హద్దులోకి ఇంకో మగపక్షి చొరబడిందనుకుని. మేత మానేసి, ఒక్కోసారి గుడ్ల మీదనుంచి లేచి, లేని శత్రువు కోసం వెతుక్కుంటుంది. సీజన్‌లో వచ్చిన ప్రతి బృందమూ ఇదే చేస్తే ఆ పక్షి గతేం కాను? మా చేట్టన్ దగ్గర స్పీకరే లేదు. అడిగితే "దాని ఇంట్లో మనం అరవకూడదు" అన్నారు.

ఇక శ్రీలంక ఫ్రాగ్‌మౌత్. తట్టేక్కాడ్‌కి చాలామంది దీని కోసమే వస్తారు. సలీం అలీ గారి శిష్యుడు డాక్టర్ ఆర్. సుగతన్ దీని మీద పరిశోధన చేశారు, తర్వాత ఈ అభయారణ్యంలోనే చాలాకాలం పనిచేశారు. ఇది రాత్రి తిరిగే పక్షి, పగలు ఒకే కొమ్మ మీద జంటగా నిద్రపోతుంది, రోజుల తరబడి ఆ చోటు మార్చదు. ఆ చోటు తెలిసిన మనిషి ఉంటే చూడొచ్చు, లేకపోతే రెండడుగుల దూరంలోంచి నడిచిపోయినా కనబడదు. చేట్టన్ వెదురు పొద పక్కన మమ్మల్ని నిలబెట్టి, స్టాండు మీద పెట్టే దుర్భిణి, అదే స్కోప్, సర్ది పక్కకి జరిగారు. స్కోప్‌లో ముందు నాకు కనిపించింది ఎండుటాకుల గుత్తి. చూస్తూ ఉండగా ఆ ఆకుల్లో ఒకదానికి మీసాల్లాంటి వెంట్రుకలు కనిపించాయి. తర్వాత వెడల్పాటి ముక్కు, దాని పైన సన్నటి గీతలా మూసిన కన్ను. ఆడది ఇటుకరంగు, పక్కనే ఆనుకుని కూర్చున్న మగది బూడిదరంగు, ఒళ్లంతా చుక్కలు. పైన కొమ్మ మీద ఏదో కదిలింది. మగది ముక్కు నెమ్మదిగా పైకెత్తి, మెడ సాగదీసి, విరిగిన కొమ్మ మొండెంలా బిగుసుకుపోయింది. అపాయం అనిపిస్తే అవి చేసేది అదే. వెంటనే చేట్టన్ స్కోప్ మడిచేసి, ఇక చాలు, పదండి అన్నారు. అప్పటికి అమ్మాయి వంతు ఇంకా పూర్తి కాలేదు. అయినా సరే, ఆయన మాటే మాట.

నచ్చనివీ ఉన్నాయి. హోమ్‌స్టే వెనకాల నీళ్ల తొట్టి పెట్టి కట్టిన ఫొటో హైడ్, అంటే పిట్టలకి కనబడకుండా దాక్కుని ఫొటోలు తీసుకునే చోటు ఉంది. దాని డబ్బు ప్యాకేజీలో కలిపేశారు, వద్దన్నా తగ్గించలేదు. పెద్ద లెన్సుల వాళ్లకి అది పనికొస్తుందేమో, తొట్టికి వచ్చి నీళ్లు తాగిపోయే పిట్టని చూసి నేర్చుకునేది తక్కువ. సాయంత్రం రోడ్డు మీద నడిపించే రెండో విడత కూడా పెద్దగా ఏమీ లేదు, వాహనాల రద్దీ. పక్షుల జాబితా ప్రింటు ఇస్తామని ఫోన్‌లో చెప్పి ఇవ్వలేదు. అమ్మాయి తన నోటుబుక్‌లో రాసుకుంది, చేట్టన్ పక్కన కూర్చుని మలయాళం పేర్లు కూడా చెప్పారు.

సలీం అలీ గారి కాలంలో సర్వే అంటే తుపాకీతో కొట్టి, చర్మం ఒలిచి, నమూనాలు భద్రపరచడం. ఆ రోజుల్లో జాతుల్ని తేల్చడానికి వేరే దారి లేదు, పక్షుల్ని ప్రేమించిన ఆయనా అలాగే చేశారు. ఆ ప్రయాణాల్లో తెహ్మినా గారు కూడా వెంట ఉండేవారు. 1939లో ఆవిడ పోయారు. ఆ నమూనాలూ, ఆ నోట్లూ ఉన్నాయి కాబట్టే ఈ అడవిలో ఏ పక్షి ఉండేదో ఈరోజు మనం చెప్పుకోగలుగుతున్నాం. చేట్టన్‌కి ఆ కథలన్నీ తెలుసు. చదివి కాదు, ఊళ్లో పెద్దవాళ్లు చెప్పగా విన్నారట.

వెళ్లాలనుకునేవాళ్లకి నవంబరు నుంచి మార్చి దాకా బాగుంటుంది, వలస వచ్చే ఇండియన్ పిట్టా లాంటివి కూడా అప్పుడే ఉంటాయి. వానాకాలంలో జలగలు విపరీతం. ఆకుపచ్చ, మట్టిరంగు బట్టలే వేసుకోండి, తెలుపు వద్దు. 8×42 బైనాక్యులర్ అయితే చెట్ల నీడలో కూడా బాగా కనిపిస్తుంది. నడక ఎక్కువే గానీ ఎత్తులు లేవు, అరవై దాటిన మా పెద్దక్కని కూడా తీసుకెళ్లొచ్చు అనిపించింది. హోమ్‌స్టే వాళ్ల దగ్గర ఇద్దరు గైడ్లున్నారు, బుక్ చేసేటప్పుడే పెద్దాయన కావాలని అడగండి. జనవరి తర్వాత వెళ్తే ఫ్రాగ్‌మౌత్‌లు గూడు పెట్టే కాలం. అవి పెట్టేది ఒకటే గుడ్డు, పగలు మగది, రాత్రి ఆడది పొదుగుతాయి. గూడు చూపించమని మాత్రం ఆయన్ని అడక్కండి, ఎంతిస్తామన్నా తీసుకెళ్లరు.