డావోస్ చెక్క స్లెడ్జి: కొన్నేళ్లు వాడాక

స్విట్జర్లాండ్‌లోని డావోస్ ఊరి పేరున్న ఈ మంచుబండిని చాలా చలికాలాలుగా వాడుతున్నాను కాబట్టి ముందే చెబుతాను: తిన్నని దారిలో దీనికి సాటి లేదు, మలుపులో మాత్రం మహా మొండి.

ఆష్ కలప చట్రం, కూర్చోవడానికి పొడవునా అమర్చిన పలకలు, అడుగున ఉక్కు పట్టీ తొడిగిన రెండు రన్నర్లు (మంచు మీద జారే బద్దలు). నాది 110 సెంటీమీటర్లది, ఒక పెద్దవారు, ముందు ఒక పిల్లవాడు కూర్చోవచ్చు. నేనుండే జర్మన్ స్విట్జర్లాండ్‌లో దీన్ని ష్లిట్టెన్ అంటారు. ఫ్రెంచ్ మాట్లాడే జెనీవా వైపు వెళితే ఇదే లూజ్. ఫ్రాన్స్‌లోని సవోయ్, స్విస్ ఫ్రెంచ్ మాండలికాల్లో చిన్న మంచుబండికి ఉన్న ఆ పేరే ఒలింపిక్ ఆటకూ స్థిరపడింది. జర్మన్లు మాత్రం ఆ ఆటను రోడెల్న్ అనే పిలుస్తారు.

1883లో డావోస్ నుంచి పక్కనున్న క్లోస్టర్స్ ఊరికి 4 కిలోమీటర్ల స్లెడ్జి పోటీ పెడితే ఆస్ట్రేలియా విద్యార్థి జార్జ్ రాబర్ట్‌సన్, క్లోస్టర్స్ పోస్ట్‌మ్యాన్ పీటర్ మిన్ష్ సమంగా గెలిచారు. రోజూ ఉత్తరాలు పంచే మనిషికి ఆ దారి మలుపులు కొత్తా!

నేను ఎక్కువగా వెళ్లేది ప్రేడా ఊరి నుంచి కిందనున్న బెర్గూన్‌కు. చలికాలంలో మూసేసిన అల్బులా కనుమ రోడ్డే జారుడు దారి, సుమారు 6 కిలోమీటర్లు. కిందికి చేరాక ఎర్ర రైలెక్కి మళ్లీ పైకి. ఎడమకు తిరగాలంటే ఎడమ మడమ మంచులో గుచ్చి వెనక్కి వాలాలి. రెండు మడమలూ గుచ్చితే బ్రేకు, దాంతోపాటు ముఖం నిండా మంచు. కళ్లద్దాలు లేకుండా వెళ్లకండి. బూట్ల మడమలు త్వరగా అరుగుతాయి, ఆ ఖర్చూ లెక్కలో వేసుకోండి.

పోటీల లూజ్ వేరే సంగతి. వెల్లకిలా పడుకుని, పిక్కలతో రన్నర్లను నొక్కి తిప్పుతారు. గంటకు 130 కిలోమీటర్లు దాటే ఆ బండికి బ్రేకే ఉండదు. మన శివ కేశవన్ 1998 నుంచి 2018 వరకు ఆరు ఒలింపిక్స్‌లో దాని మీదే దిగాడు. నా బండి మీద కూర్చున్నప్పుడల్లా ఆయనంటే గౌరవం పెరుగుతుంది.

తుప్పే అసలు తలనొప్పి. ఇంటికి రాగానే రన్నర్లు తుడవకపోతే మర్నాటికి ఎర్రబారతాయి. సీజను మొదట్లో ఉప్పు కాగితంతో రుద్ది, కొవ్వొత్తి మైనం పూస్తే జారుడు బాగుంటుంది. చెక్క మాత్రం ఎక్కడా వదులు కాలేదు. పలకలు గట్టివి, చిన్న దిండు కట్టుకోవడం మేలు.

మలుపులు ఎక్కువున్న దారులకు వెళ్లేవారు కాస్త ఎక్కువ పెట్టి, చట్రం వంగే టిరోల్ రోడెల్ (ఆస్ట్రియా వైపు స్లెడ్జి) కొనండి. చిన్నపిల్లలతో తిన్నని దారికే వెళ్లేవారికి ఇది చాలు.