నార్వేజియన్లకు ఇంగ్లిష్ కోర్సు: 'ఎఫెక్ట్' పాఠంపై సమీక్ష

నార్వేజియన్ మాతృభాషగా గలవారి కోసం రూపొందించిన ఈ ఆన్‌లైన్ ఇంగ్లిష్ కోర్సులో, ప్రభావాన్ని తెలిపే మాటలపై ఉన్న పాఠం నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచింది. నార్వేజియన్‌లో 'ఎఫెక్తివ్' అనే ఒక్క మాటే గుణమిచ్చే మందుకూ, తక్కువ కాలంలో ఎక్కువ పని చేసే ఉద్యోగికీ సరిపోతుంది కనుక, ఇంగ్లిష్‌లో మొదటిదానికి 'ఎఫెక్టివ్', రెండోదానికి 'ఎఫిషియెంట్' అని విడదీసి వాడటం వారికి నిజంగా కష్టమే. ఆ చిక్కును పాఠం ఓపికగా, తగినన్ని ఉదాహరణలతో విప్పింది. చట్టం అమల్లోకి రావడానికి 'కమ్ ఇంటు ఫోర్స్'తో పాటు 'టేక్ ఎఫెక్ట్'ను కూడా నేర్పడం మెచ్చదగినది. అయితే 'ఇన్ ఎఫెక్ట్' అనే పదబంధానికి 'అమల్లో ఉన్న' అనే అర్థం మాత్రమే ఇచ్చి, 'వాస్తవంలో చూస్తే' అనే అర్థాన్ని విడిచిపెట్టడం పెద్ద లోటు. ఒప్పంద పత్రాలు చదివేవారికి రెండూ తప్పనిసరి.