లారీలకు పగటి నిషేధమా, నిర్ణీత మార్గమా?

మధ్యస్థాయి నగరంలో లారీల రద్దీ పెరగగానే ముందుగా తోచేది పగటి నిషేధం. బోర్డులు పెట్టి, కూడళ్లలో సిబ్బందిని నిలబెడితే చాలు, త్వరగా మొదలవుతుంది. కానీ దానివల్ల సరుకేమీ తగ్గదు. ఒక పెద్ద లారీ మోసేది ఎన్నో చిన్న వ్యాన్లలోకి మారి అదే రోడ్డెక్కుతుంది. శివార్లలో లారీలు బారులు తీరతాయి. అక్కడ పార్కింగ్, నీళ్లు, మరుగుదొడ్లు లేకపోతే డ్రైవర్లకు నరకమే. రాత్రి సరుకు దించే కూలీల ఖర్చు చిన్న దుకాణదారు మీద పడుతుంది.

నిర్ణీత మార్గం అంటే లారీలు ఫలానా రోడ్ల మీదే వెళ్లాలని ముందే ఖరారు చేయడం. దీనికి పని ఎక్కువ. గోదాములు, మార్కెట్లు, ఫ్యాక్టరీలు ఎక్కడున్నాయో, ఏ గంటకు ఎన్ని బండ్లు వస్తాయో ముందు లెక్కపెట్టాలి. తర్వాత ప్రతి మలుపునూ చూడాలి: పొడవాటి ట్రైలర్ వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి, కాలిబాట మీద నిలబడ్డవాళ్లకు ప్రమాదం అక్కడే. వంతెనల బరువు పరిమితి, అండర్‌పాస్‌ల ఎత్తు, తక్కువ ఎత్తులో వేలాడే కరెంటు తీగలు కూడా. యాక్సిల్ (చక్రాలను కలిపే ఇరుసు) మీద పడే బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లు, కాబట్టి ఆ మార్గంలో రోడ్డు మందంగా వేయాల్సిందే. మధ్యలో ఒక్క కిలోమీటరు తెగినా లారీలు సందుల్లోకి దూరతాయి.

మా ఓటు మార్గానికే. నిషేధాన్ని బడి వేళలకు, బడి ఉన్న వీధులకు పరిమితం చేయాలి. దించే చోట్లు మాత్రం మరవకూడదు: 12 మీటర్ల లారీకి 12 మీటర్ల స్థలం గీస్తే అది లోపలికి తిరగలేక రోడ్డు మీదే ఆగుతుంది.